హార్డ్ డిస్కు మొరాయిస్తే ఇంట్లోనే డేటా తీసుకోవడం ఎలా

మీ హార్డ్ డిస్కు ఇప్పుడు ఆన్‌లో ఉండి టక్ టక్ మని చప్పుడు చేస్తోందా? అయితే ఇది చదివే ముందు దాన్ని ఆపెయ్యండి. షట్ డౌన్ ఎంతకీ పూర్తవకపోతే పవర్ బటన్ నొక్కి పట్టుకోండి. ఎక్స్‌టర్నల్ డిస్కయితే వైరు లాగెయ్యండి. మామూలు రోజుల్లో అలా ఆపకూడదన్నది నిజమే. కానీ పాడవుతున్న డిస్కు తిరిగినకొద్దీ లోపలి నష్టం పెరిగిపోతుంది.

శ్రీకాకుళంలో కంప్యూటర్లు బాగుచెయ్యడం నా పని. డిస్కు పట్టుకుని వచ్చేవాళ్లలో పెళ్లి ఫొటోగ్రాఫర్లు, డీటీపీ సెంటర్లవాళ్లు, ట్యాలీలో లెక్కలు రాసే గుమస్తాలు, పిల్లల ఫొటోలన్నీ ఒక్కచోటే పెట్టుకున్న తల్లిదండ్రులు ఉంటారు. అందరూ అడిగేది ఒకటే, "ఇంట్లో మేమేమైనా చెయ్యొచ్చా?" అని. చెయ్యొచ్చు, చాలా సందర్భాల్లో బాగానే చెయ్యొచ్చు. అయితే ఒక్క సంగతి మనసులో గట్టిగా పెట్టుకోవాలి. పాడవుతున్న డిస్కు ఇంకెంతసేపు చదవనిస్తుందో చెప్పలేం. మిగిలిన ఆ కాస్త ప్రాణాన్నీ కాపీ తియ్యడానికే ఖర్చుపెట్టాలి. ఫైళ్లు వెతకడం, రిపేరు చెయ్యడం, ఫోల్డర్లు తెరిచి చూసుకోవడం, ఇవన్నీ కాపీ మీద చెయ్యాల్సిన పనులు. అంచులు పొడిపొడి అయిపోతున్న పాత దస్తావేజు చేతికొస్తే ముందు జిరాక్స్ తీయించి, చదవడమంతా ఆ జిరాక్స్ మీదే చేస్తాం కదా. ఇదీ అంతే.

మొదట చెవి పెట్టి వినండి

డిస్కు లోపల అద్దంలా మెరిసే పళ్లేలుంటాయి. నిమిషానికి 5400 సార్లో 7200 సార్లో తిరుగుతుంటాయి. వాటిని చదివే హెడ్ పళ్లేన్ని తాకదు, కొన్ని నానోమీటర్ల ఎత్తులో తేలుతుంది. కంటికి కనపడని దుమ్ము కణం కూడా ఆ ఖాళీ కంటే ఎన్నో రెట్లు పెద్దది. అందుకే డిస్కు మూత ఇంట్లో తెరవకూడదు, షాపులో ఫ్యాను కింద అసలే తెరవకూడదు. యూట్యూబులో తెరిచి చూపించేవాళ్లుంటారు. ఆ తర్వాత ఆ డిస్కు ఎంతకాలం పనిచేసిందో మాత్రం చూపించరు.

ఏం చెయ్యాలన్నది చప్పుడును బట్టి, కంప్యూటర్ దాన్ని గుర్తుపట్టే తీరును బట్టి తేలుతుంది. ఈ పరీక్ష ఒక్కసారే, ఒకటి రెండు నిమిషాల్లో ముగించండి.

టక్, టక్, టక్ మని ఒకే లయలో కొట్టుకుంటోందంటే హెడ్ తన దారి తాను కనుక్కోలేకపోతోందన్నమాట. గీరుతున్న చప్పుడయితే ఇంకా ప్రమాదం. ఈ రెండింటికీ ఇంట్లో వైద్యం లేదు. ఆపి, కవర్లో పెట్టి, కింద "బయట ఇవ్వాల్సి వస్తే" అన్న చోట డేటా తీసే ల్యాబుల గురించి రాసింది చదవండి.

అసలు తిరగకుండా సన్నగా బీప్ మంటోందా? ముఖ్యంగా చిన్న సైజు ఎక్స్‌టర్నల్ డిస్కుల్లో ఇది వింటాం. ముందు వేరే యూఎస్‌బీ పోర్టు, వేరే కేబులు పెట్టి చూడండి. కరెంటు చాలక కూడా అలా అంటుంది. అయినా బీప్ ఆగకపోతే హెడ్ పళ్లేనికి అతుక్కుపోయి ఉండొచ్చు, లేదా మోటారు పట్టేసి ఉండొచ్చు. బల్ల మీద కొడితే వదులుతుందని ఎవరైనా చెబితే వినకండి.

మామూలుగానే తిరుగుతోంది, పేరు, సైజు సరిగ్గానే కనపడుతున్నాయి, కానీ ఫోల్డరు తెరిస్తే చాలు అంతా బిగుసుకుపోతోంది. ఇది బ్యాడ్ సెక్టార్ల లక్షణం, అంటే పళ్లెం మీద కొన్ని చోట్లు చదవడానికి రాకుండా పాడయ్యాయన్నమాట. ఇంట్లో చెయ్యదగిన పని ఇదే, ఈ వ్యాసంలో ఎక్కువ భాగం దీని గురించే.

చప్పుడూ బాగుంది, వేగమూ బాగుంది, కానీ "ఫార్మాట్ చెయ్యమంటారా" అని విండోస్ అడుగుతోంది. లేదా మీరే పొరపాటున ఏదో డిలీట్ చేశారు. ఇది డిస్కు జబ్బు కాదు, ఏ ఫైలు ఎక్కడుందో డిస్కు రాసుకున్న లెక్కల పుస్తకం చెరిగిపోవడం. ఆ ప్రశ్నకి ఎప్పుడూ కాన్సిల్ నొక్కండి. ఈ రకంలో కూడా కాపీ తీసుకున్నాకే మిగతా పని.

ఇంకో రకం ఉంది. డిస్కు తిరుగుతుంది కానీ సైజు సున్నా అని చూపిస్తుంది, లేదా పేరు స్థానంలో అర్థంలేని అక్షరాలు వస్తాయి. డిస్కు తన సొంత ప్రోగ్రామును చదువుకోలేకపోతోందని దానర్థం. దానికి ప్రత్యేకమైన పరికరాలు కావాలి, ఇంటి పని కాదు.

పైసా ఖర్చు లేని పరీక్షలు

మన తీరప్రాంతంలో గాలిలో తేమ, ఉప్పు రెండూ ఎక్కువే. భావనపాడు, కళింగపట్నం వైపు నుంచి వచ్చే కంప్యూటర్లు విప్పితే కనెక్టర్ల కాళ్లు నల్లబడో పచ్చబడో ఉంటాయి. అందుకే డిస్కు పోయిందని నిర్ణయించే ముందు కేబులు మార్చి చూడండి. డెస్క్‌టాప్ అయితే డిస్కుని మదర్‌బోర్డుకి కలిపే సాటా కేబులు మార్చండి, పవర్ కేబులు కూడా ఇంకోటి పెట్టండి. క్రిస్టల్ డిస్క్ ఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రాములో సి7 అన్న వరసలో అంకె పెరుగుతూ పోతుంటే తప్పు కేబులుదే అయ్యే అవకాశం ఎక్కువ. అదే ప్రోగ్రాములో 05, సి5, సి6 వరసల్లో ముడి అంకె (రా వాల్యూ) సున్నా దాటి ఉంటే పళ్లెం మీదే దెబ్బ ఉన్నట్టు.

ఎక్స్‌టర్నల్ డిస్కుల్లో చాలాసార్లు పాడయ్యేది పైనున్న కేసింగ్ బోర్డు, లోపలి డిస్కు కాదు. ఆ వెడల్పాటి యూఎస్‌బీ సాకెట్టు వదులైపోవడం మరీ మామూలు. కేసింగ్ విప్పి డిస్కు బయటికి తీసి నేరుగా డెస్క్‌టాపుకి గానీ, సాటా నుంచి యూఎస్‌బీకి మార్చే అడాప్టరుకి గానీ పెడితే బతికి కూర్చుంటుంది. ఇక్కడ రెండు జాగ్రత్తలు. పెద్ద సైజు డిస్కుకి 12 వోల్టుల కరెంటు విడిగా కావాలి, కాబట్టి సొంత పవర్ ఉన్న అడాప్టరే తీసుకోండి. రెండోది, వెస్టర్న్ డిజిటల్ మై పాస్‌పోర్ట్ లాంటి చాలా మోడళ్లలో యూఎస్‌బీ సాకెట్టు డిస్కు బోర్డు మీదే ఉంటుంది, విప్పితే సాటా కనపడదు. పైగా వాటిలో డేటా గుప్తలిపిలో రాసి ఉంటుంది, ఆ బోర్డు లేకుండా చదవడం కుదరదు. అలాంటివి విప్పి లాభం లేదు.

పెద్ద ఎక్స్‌టర్నల్ డిస్కుకి పొరపాటున 19 వోల్టుల ల్యాప్‌టాప్ ఛార్జరు గుచ్చడం, పిడుగు పడి వోల్టేజి ఎగబాకడం లాంటివి జరిగితే డిస్కు చడీచప్పుడూ లేకుండా పడుంటుంది. ఇది విని భయపడకండి. బోర్డు మీద రక్షణ కోసం పెట్టిన చిన్న డయోడు తాను కాలిపోయి మిగతాదాన్ని కాపాడి ఉండొచ్చు. చిప్ లెవెల్ పని తెలిసిన సెల్‌ఫోన్ మెకానిక్ మల్టీమీటరుతో అది చూడగలడు, షార్ట్ అయిన డయోడు తీసేస్తే కాపీ తీసుకునేంత వరకు డిస్కు తిరగొచ్చు. కానీ అదే మోడలు బోర్డు కొని మార్చేస్తే చాలనుకోవద్దు. ఇప్పటి డిస్కుల బోర్డు మీద ఆ ఒక్క డిస్కుకే చెందిన కొలతలు దాచిన చిన్న చిప్పు ఉంటుంది. అది కూడా మారిస్తేనే బోర్డు మారినట్టు.

దాని విలువెంతో ముందే తేల్చుకోండి

చెయ్యి పెట్టే ముందు ఇంట్లో అందరినీ కూర్చోబెట్టి అడగండి, ఇందులో ఉన్నది ఇంకెక్కడైనా ఉందా అని. వాట్సాప్‌లో పంపిన ఫొటోలు, గూగుల్ ఫొటోస్, పాత పెన్‌డ్రైవు, ఆల్బమ్ తీసిన స్టూడియో, ఆడిటరు దగ్గరున్న ట్యాలీ కాపీ, ఇవన్నీ వెతకండి. సగం అవసరం అక్కడే తీరిపోవచ్చు.

తర్వాత అసలు ప్రశ్న. ఇది పూర్తిగా పోయినా ఫర్వాలేదా? పోయిన మనిషి ఫొటోలు, గొంతు ఉన్న డిస్కయితే, పీహెచ్‌డీ పని మొత్తం దాంట్లోనే ఉంటే, చప్పుడులో ఏ మాత్రం తేడా వినపడినా ఇంట్లో ప్రయత్నించకండి. మొదటి ప్రయత్నం ల్యాబుదైతే వాళ్ల చేతిలో అవకాశాలు ఎక్కువుంటాయి. నలుగురి చేతులు మారి వెళ్లిన డిస్కుతో వాళ్లూ ఏం చెయ్యలేరు.

ఇంట్లో కాపీ తియ్యడం

కావలసినవి ఇవి: పాడవుతున్న డిస్కు కంటే పెద్ద మంచి డిస్కు ఒకటి, 8 జీబీ పెన్‌డ్రైవు, ఒక కంప్యూటరు, యూపీఎస్. 1 టీబీ డిస్కుకి 2 టీబీ డిస్కు తెచ్చుకోండి, ఎందుకంటే కాపీకి ఒక 1 టీబీ పడుతుంది, ఆ కాపీలోంచి బయటికి తీసే ఫైళ్లకి ఇంకా చోటు కావాలి. కొత్త డిస్కు ఎన్‌టీఎఫ్‌ఎస్ అనే పద్ధతిలో ఫార్మాట్ అయి ఉండాలి. ఫ్యాట్32 అయితే 4 జీబీ దాటిన ఫైలు రాయదు. ఫార్మాట్ చేశాక విండోస్‌లో సేఫ్‌లీ రిమూవ్ నొక్కే బయటికి తియ్యండి.

ఈ పనికి విండోస్ వద్దు. డిస్కు పెట్టగానే విండోస్ దాన్ని తెరవబోతుంది, ఫైళ్ల చిట్టా రాయబోతుంది, ఒక్కోసారి చెక్ డిస్క్ మొదలెట్టేస్తుంది. చెక్ డిస్క్ ఆరోగ్యంగా ఉన్న డిస్కు లెక్కలు సరిచేసే పనిముట్టు. పాడవుతున్న డిస్కు మీద నడిపితే చదవలేని చోట ఉన్న ఫైళ్లని ముక్కలు చేసి పారేస్తుంది. దానికి బదులు సిస్టమ్ రెస్క్యూ అనే ఉచిత లినక్స్‌ని వేరే కంప్యూటర్లో డౌన్‌లోడ్ చేసి, రూఫస్ ప్రోగ్రాముతో పెన్‌డ్రైవులోకి ఎక్కించండి. నేను దీన్నే సిఫారసు చెయ్యడానికి కారణం, ఇది పెట్టిన డిస్కుని తనంతట తాను తెరవదు. మీరు చెప్పేదాకా ముట్టుకోదు.

పెన్‌డ్రైవు నుంచి బూట్ చెయ్యడానికి డెల్, లెనోవోల్లో ఎఫ్12, హెచ్‌పీలో ఎఫ్9 నొక్కాలి. తెలియని సిస్టమ్ బూట్ కాకుండా ఆపే సెక్యూర్ బూట్ అడ్డొస్తే బయోస్‌లో (కంప్యూటరు మొదలయ్యేటప్పుడు తెరిచే సెట్టింగుల్లో) తాత్కాలికంగా ఆపాలి. దానికి ముందు ఆ కంప్యూటర్లో బిట్‌లాకర్, అంటే డిస్కులోని డేటాకి తాళం వేసే విండోస్ ఏర్పాటు, ఉందేమో చూసుకోండి. ఉంటే 48 అంకెల రికవరీ కీ సాధారణంగా మైక్రోసాఫ్ట్ అకౌంటులో దొరుకుతుంది. అది రాసి పెట్టుకున్నాకే బయోస్‌లో చెయ్యి పెట్టండి.

ఇప్పుడు నల్ల తెర మీద టైపు చెయ్యాల్సినవి ఫోన్లో చెప్పినట్టు అక్షరం అక్షరం చెబుతాను. అన్నీ చిన్న ఇంగ్లిష్ అక్షరాలే.

ముందు రెండు డిస్కులూ పెట్టి ఇలా కొట్టండి: ఎల్, ఎస్, బి, ఎల్, కె, ఖాళీ, హైఫన్, ఓ, ఖాళీ, నేమ్ కామా సైజ్ కామా మోడల్. కామాల దగ్గర ఖాళీలు ఉండకూడదు. ఉన్న డిస్కులన్నీ వరసగా కనపడతాయి. ఎస్‌డీఏ, ఎస్‌డీబీ, ఎస్‌డీసీ లాంటి పేర్లు, పక్కన సైజు, మోడలు. పాడైంది ఏది, కొత్తది ఏది అన్నది కాగితం మీద రాసుకోండి. సైజుని మాత్రమే నమ్మకండి, డిస్కు లేబుల్ మీదున్న మోడల్ నంబరుతో పోల్చండి. అమ్మేటప్పుడు 1 టీబీ అన్నది విండోస్‌లో 931 జీబీగా కనపడుతుంది. ఇక్కడా అలాగే 931 అని కనపడితే కంగారు పడకండి, ఏదీ తగ్గలేదు.

పాడైంది ఎస్‌డీబీ, కొత్తది ఎస్‌డీసీ, అందులో పార్టిషన్ ఎస్‌డీసీ1 అనుకుందాం. కొత్తదాన్ని తెరవడానికి: మౌంట్, ఖాళీ, స్లాష్ డెవ్ స్లాష్ ఎస్‌డీసీ1, ఖాళీ, స్లాష్ ఎమ్ఎన్‌టీ. తర్వాత సీడీ, ఖాళీ, స్లాష్ ఎమ్ఎన్‌టీ. ఆ పైన డీఎఫ్, ఖాళీ, హైఫన్ హెచ్ కొట్టి, ఎమ్ఎన్‌టీ ఎదురుగా మీ కొత్త డిస్కు సైజు కనపడుతోందో లేదో చూడండి. ఈ మాట దాటెయ్యకండి. కొత్త డిస్కు తెరుచుకోకపోతే కాపీ అంతా కంప్యూటరు ర్యామ్‌లోకి వెళ్లి కాసేపటికి ఆగిపోతుంది.

ఇక అసలు ఆదేశం. డి, డి, ఆర్, ఇ, ఎస్, సి, యు, ఇ, అన్నీ కలిపి ఒకే మాట. ఖాళీ, హైఫన్ డి. ఖాళీ, హైఫన్ ఎన్. ఖాళీ, స్లాష్ డెవ్ స్లాష్ ఎస్‌డీబీ. ఖాళీ, డిస్క్ డాట్ ఐఎమ్‌జీ. ఖాళీ, డిస్క్ డాట్ మ్యాప్. ఎంటర్ నొక్కే ముందు ఒక్కసారి వేలు పెట్టి చదవండి. ముందు వచ్చేది ఎప్పుడూ పాత డిస్కు, తర్వాతది కాపీ. ఎప్పుడైనా నేరుగా డిస్కు నుంచి డిస్కుకి కాపీ తీసేటప్పుడు ఈ వరస తిరగబడితే, ఉన్న డేటా మీద కొత్త డిస్కు ఖాళీని రాసేసినట్టే. పక్కన ఇంకెవరినైనా కూర్చోబెట్టుకుని చదివించండి, చిన్నపిల్లైనా ఫర్వాలేదు.

ఈ ఆదేశం పేరు డీడీ రెస్క్యూ. దీని గొప్పతనం ఏమిటంటే, అది చదవడానికి మొండికేసిన చోట కూర్చోదు. తేలిగ్గా వచ్చేదంతా ముందు లాగేసి, కష్టమైన చోట్లని మ్యాప్ ఫైల్లో గుర్తుపెట్టుకుని తర్వాతకి వదిలేస్తుంది. విండోస్‌లో కాపీ పేస్ట్ చేస్తే ఒక్క పాడైన ఫొటో దగ్గర డిస్కు వందలసార్లు తలబాదుకుంటుంది, ఆ లోపు మంచిగా ఉన్న ఫొటోల వంతు రాకుండానే ప్రాణం పోతుంది. ఇంత ప్రస్తావించడం ఎందుకంటే, చాలామంది "నాకు ఒక్క పెళ్లి ఫోల్డరు చాలు, అదొక్కటే లాగుతా" అంటూ ఇక్కడే డిస్కుని పోగొట్టుకుంటారు.

మ్యాప్ ఫైలు ఉంది కాబట్టి మధ్యలో కరెంటు పోయినా, కంట్రోల్ సీ నొక్కి మీరే ఆపినా, మళ్లీ అదే ఆదేశం ఇస్తే ఆగిన చోటి నుంచే మొదలవుతుంది. అయితే డిస్కు తీసి పెడితే ఎస్‌డీబీ కాస్తా ఎస్‌డీడీ అవ్వొచ్చు, మళ్లీ పేరు చూసుకోండి. మ్యాప్ ఫైలు పోగొట్టుకోకండి.

ఎంతసేపు పడుతుంది? డిస్కు బాగా చదువుతూ సెకనుకి 100 ఎమ్‌బీ వస్తే 1 టీబీకి మూడు గంటల్లోపే. పాత యూఎస్‌బీ 2 పోర్టులో పెడితే ఎనిమిది గంటలు. బ్యాడ్ సెక్టార్లు ఉంటే రోజులు. అందుకే నీలం రంగున్న యూఎస్‌బీ 3 పోర్టే ఎంచుకోండి. డిస్కు బల్ల మీద చదునుగా ఉంచండి, దాని మీదకి చిన్న ఫ్యాను తిప్పండి, తిరుగుతున్నంతసేపు కదపకండి. మే నెల ఉక్కలో డిస్కు తొందరగా వేడెక్కుతుంది, కుదిరితే ఈ పని రాత్రి మొదలెట్టండి. వైశాఖంలో సాయంత్రం పూట ఉరుములు మొదలైతే మాత్రం ఆపి ప్లగ్గు పీకెయ్యండి, పొద్దున్న కొనసాగించుకోవచ్చు.

తెర మీద ఎంత శాతం వచ్చిందో కనపడుతుంది. 99.9 శాతం చూసి అంతా వచ్చేసిందనుకోకండి, 1 టీబీలో మిగిలిన 0.1 శాతం అంటే 1 జీబీ. అది ఖాళీ చోటు కావచ్చు, మీ ఫైళ్ల చిట్టా ఉన్న చోటూ కావచ్చు. అందుకని రెండో విడత: అదే ఆదేశంలో హైఫన్ ఎన్ తీసేసి దాని స్థానంలో హైఫన్ ఆర్ 3 అని కలిపి రాయండి. వదిలేసిన చోట్లని మూడేసి సార్లు ప్రయత్నిస్తుంది. ఈ విడతలో వేగం బాగా పడిపోతుంది, అది మామూలే. కానీ కొత్త చప్పుడు మొదలైతే, లేదా చాలాసేపటి నుంచి ఒక్క ముక్కా రాకపోతే ఆపెయ్యండి. వచ్చింది వచ్చినట్టే భద్రంగా ఉంది.

మీ డిస్కుకి బిట్‌లాకర్ ఉందంటే చిన్న మార్పు. ఫైలుగా కాకుండా, అంతే సైజు లేదా పెద్దదైన ఖాళీ డిస్కులోకి నేరుగా కాపీ తీసి, దాన్ని విండోస్‌కి పెట్టి రికవరీ కీ ఇస్తే తెరుచుకుంటుంది. అలా డిస్కు మీదికి రాసేటప్పుడు డీడీ రెస్క్యూ హైఫన్ ఎఫ్ అడుగుతుంది. కీ లేకపోతే ఏ ల్యాబూ ఏమీ చెయ్యలేదు.

కాపీలోంచి ఫైళ్లు

పాత డిస్కు తీసి పక్కన పెట్టండి. ఇక తొందర లేదు.

పోయిన ఫైళ్లు వెతికే టెస్ట్‌డిస్క్, ఫొటోరెక్ అనే ప్రోగ్రాములు రెండూ సిస్టమ్ రెస్క్యూలోనే ఉంటాయి, విండోస్‌లోనూ నడుస్తాయి. ముందు టెస్ట్‌డిస్క్. ప్రోగ్రాము పేరు పక్కన ఇమేజ్ ఫైలు (మనం తీసిన డిస్క్ డాట్ ఐఎమ్‌జీ) పేరిచ్చి తెరిస్తే, ఎనలైజ్, క్విక్ సెర్చ్ దాటాక పార్టిషన్లు కనపడతాయి. దాని మీద పెద్ద పి నొక్కితే ఫోల్డర్ల పేర్లు వస్తాయి, సి నొక్కి కావలసినవి వేరే చోటికి కాపీ చేసుకోవచ్చు. పేర్లు, ఫోల్డర్లు, తేదీలు చెక్కుచెదరకుండా వస్తాయి కాబట్టి ఇదే మొదటి ప్రయత్నం కావాలి.

ఫొటోరెక్ ఆఖరి అస్త్రం. చిట్టా పట్టించుకోకుండా, ఫైళ్ల మొదట్లో ఉండే గుర్తుల్ని బట్టి ఏరుతుంది. ఫొటోలు బాగా వస్తాయి కానీ పేర్లుండవు, అంకెలే. పెద్ద పెళ్లి వీడియోలు డిస్కులో ముక్కలు ముక్కలుగా పడి ఉంటే సరిగా అతకవు. ట్యాలీ డేటాకి ఇది అసలు పనికిరాదు. ట్యాలీ తన ఫైళ్లని పేర్లతోనే గుర్తుపడుతుంది, కాబట్టి అంకెల పేరున్న కంపెనీ ఫోల్డరు మొత్తంగా టెస్ట్‌డిస్క్‌తోనే రావాలి.

డీటీపీవాళ్లకి ఒక మాట. తీసిన పాత శుభలేఖ ఫైలు తెరిస్తే అర్థంలేని ఇంగ్లిష్ అక్షరాలు కనపడి "ఫైలు పాడైంది" అని ఏడ్చినవాళ్లున్నారు. అది పాడవలేదు. అను ఫాంట్లలో టైపు చేసిన తెలుగు ఆ ఫాంట్లు లేని కంప్యూటర్లో అలాగే కనపడుతుంది. ఫాంట్లు ఎక్కించి మళ్లీ తెరవండి. కాపీలోంచి ఫైళ్లతో పాటు విండోస్‌లోని ఫాంట్స్ ఫోల్డరు కూడా తెచ్చుకుంటే ఈ బాధే ఉండదు.

ఫొటోలు సరిచూసుకునేటప్పుడు చిన్న బొమ్మలు చూసి సంతోషపడకండి. ఆ చిన్న బొమ్మ ఫైల్లో విడిగా దాచి ఉంటుంది, అది బాగానే ఉండి లోపలి పెద్ద ఫొటో సగం బూడిద రంగుగా ఉండొచ్చు. ముఖ్యమైనవి ఒక్కొక్కటీ పూర్తిగా తెరిచి చూడండి. వీడియోలు మధ్యలోకి, చివరికి జరిపి చూడండి.

తడిసిన డిస్కు

2014 అక్టోబరు 12న హుద్‌హుద్, 2018 అక్టోబరు 11న తిత్లీ తుపానులు వచ్చినప్పుడు మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో చాలాచోట్ల రోజుల తరబడి కరెంటు లేదు, వానకి ఇళ్లూ షాపులూ తడిశాయి. నాగావళి, వంశధార పక్కన ఉన్నవాళ్లకి ఇది ఏటా ఉండే భయమే. డిస్కు నీళ్లలో మునిగితే కరెంటు ఇవ్వకండి, ఒక్కసారి కూడా. ఎండలో పెట్టకండి, బియ్యంలో దాచకండి, హెయిర్ డ్రయర్ వాడకండి. లోపలికి చేరిన బురద నీరు ఆరితే పళ్లేల మీద మడ్డి కట్టేస్తుంది. తడి గుడ్డ చుట్టి, గాలి చొరని ప్లాస్టిక్ కవర్లో పెట్టి, ఆరకముందే ల్యాబుకి చేర్చాలి. ఫ్రిజ్‌లో పెడితే డిస్కు బాగవుతుందన్న పాత చిట్కా కూడా వదిలెయ్యండి. బయటికి తియ్యగానే మన తేమకి లోపల చెమ్మ పడుతుంది, దాంతో హెడ్ పని అయిపోతుంది.

బయట ఇవ్వాల్సి వస్తే

శ్రీకాకుళం ఏడు రోడ్ల జంక్షన్ చుట్టుపక్కల అయినా, విజయనగరం కోట జంక్షన్ వైపు అయినా, షాపులో డిస్కు చేతికిచ్చే ముందు రెండు ప్రశ్నలు అడగండి. ముందు పూర్తి కాపీ తీసి దాని మీదే పని చేస్తారా? డిస్కు మూత తెరుస్తారా? మొదటిదానికి కాదు అన్నా, రెండోదానికి అవును అన్నా అక్కడ ఇవ్వకండి. నిజాయితీగల మెకానిక్ చప్పుడు వినగానే "ఇది మా వల్ల కాదండీ" అంటాడు. ఆ మాట అన్నవాడి మీద నమ్మకం పెంచుకోండి.

దుమ్ము లేకుండా డిస్కు తెరిచే క్లీన్ రూమ్ ఉన్న ల్యాబులకి హైదరాబాద్, బెంగళూరు లాంటి నగరాలకే వెళ్లాలి. కొరియరు కంటే మనిషి తీసుకెళ్లడం మేలు. ఆమదాలవలసలోనో విజయనగరంలోనో రైలెక్కితే డిస్కు ఒళ్లో బ్యాగులో ఉండాలి, పై బెర్తు మీద కాదు. యాంటీ స్టాటిక్ కవరు, చుట్టూ బబుల్ షీటు, గట్టి అట్టపెట్టె. పరీక్షకి ఎంత, డేటా రాకపోతే ఎంత, వస్తే ఎంత అన్నది కాగితం మీద రాయించుకోండి. పని మొదలెట్టే ముందు వచ్చే ఫైళ్ల జాబితా చూపిస్తారేమో అడగండి. వారంటీ ఉందని డిస్కు కంపెనీకి ఇచ్చి మార్పించుకుంటే కొత్త డిస్కు వస్తుంది, మీ డేటా రాదు.

తిరిగే పళ్లేలు లేకుండా చిప్పుల్లోనే డేటా దాచే ఎస్‌ఎస్‌డీల సంగతి వేరు. అవి చప్పుడు చెయ్యవు, హెచ్చరించవు, ఒకరోజు కనపడటం మానేస్తాయి. డిలీట్ చేసిన ఫైళ్లని ట్రిమ్ అనే ఏర్పాటు కాసేపట్లోనే నిజంగా తుడిచేస్తుంది, ఆలస్యమైతే ఏ ప్రోగ్రామూ తేలేదు. కనపడుతూ రాయనివ్వడం మానేసిన ఎస్‌ఎస్‌డీ అయితే అదృష్టమే, వెంటనే పైన చెప్పినట్టు కాపీ తీసేయండి.

డేటా చేతికొచ్చాక రెండు డిస్కుల్లో పెట్టండి. ఒకటి ఇంట్లో, ఒకటి పలాసలోనో బొబ్బిలిలోనో ఉన్న మీ అక్కగారింట్లో. ఒకే బీరువాలో రెండు కాపీలు పెడితే వరదకి రెండూ ఒకేసారి తడుస్తాయి. పాత డిస్కు మాత్రం కనీసం రెండు నెలలు అలాగే ఉంచండి, ఎందుకంటే రాని ఫైలు సంగతి దాని అవసరం పడ్డప్పుడే గుర్తొస్తుంది. ఆ గడువు దాటాక కూడా దాన్ని అలాగే పాత సామాన్లవాడికి వెయ్యకండి. అందులో మీ ఆధార్, బ్యాంకు కాగితాలు, ఇతరుల పెళ్లి ఫొటోలు ఇంకా ఉన్నాయి. మూత విప్పి, పళ్లేలు సుత్తితో వంకర్లు పోయేలా కొట్టి పారేయండి. కొన్ని పళ్లేలు గాజువి, పగిలి చిమ్ముతాయి, అందుకని గోనెసంచిలో చుట్టి, కళ్లకి అద్దాలు పెట్టుకుని కొట్టండి.